వాయించడం రాకపోయినా గిటార్ చూసి కొనొచ్చు

“మావయ్యా, నాకింకా సరిగ్గా వాయించడం రాదు కదా. కొట్టుకెళ్లి ఏటి వాయిస్తాను? నవ్వుతారు.”

పెద జాలరిపేటలో మా చెల్లెలి ఇంటి అరుగు మీద కూర్చుని మా మేనల్లుడు అన్న మాట ఇది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. చర్చి పాటల బృందంలో వెనక వరసలో నిలబడి రెండేళ్లుగా పాడుతున్నాడు గానీ, చూపంతా గిటార్ వాయించే అన్న వేళ్ల మీదే. ఆ అన్న కాళ్లావేళ్లా పడి రెండు మూడు కార్డ్‌లు నేర్చుకున్నాడు. క్రిస్మస్ నాటికి సొంతానికి ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉండాలని పట్టు. వాకిట్లో చేపల గంప కడుగుతున్న మా చెల్లెలు తలెత్తకుండానే అంది: “చేప కొనడానికొచ్చినోళ్లని ముందు వండి చూపించమని నేనడుగుతున్నానేటిరా?”

మొదటిసారి గిటార్ కొనబోయేవాళ్లకి ఇంతకంటే మంచి ధైర్యం నేను చెప్పలేను. ఒడ్డున చేపలు బేరమాడేవాళ్లని చూడండి. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు. కన్ను ఉబ్బుగా ఉందా, లోపలికి పోయిందా చూస్తారు. వేలితో నొక్కి, గుంట పడితే పక్కన పడేస్తారు. వాళ్లలో ఎవరికీ వల వేయడం రాదు, అయినా మోసపోరు. అదే మనిషి సంగీత వాయిద్యాల కొట్టులోకి అడుగుపెట్టాడంటే చేతులు కట్టుకుని నిలబడతాడు. కొట్టు కుర్రాడు వాయించింది విని, తలూపి, డబ్బు కట్టి వచ్చేస్తాడు.

నేనూ అలా వచ్చినవాణ్నే. నా మొదటి గిటార్‌ని రంగు చూసి కొన్నాను. ఎర్రగా నిగనిగలాడేది. తీగలు ఎంత ఎత్తున ఉండేవంటే, మెడ మీద మొదటి మెట్టు (ఫ్రెట్) నొక్కడానికే వేళ్లు బొబ్బలెక్కేవి. నాకు చేతకాదనుకుని ఆరు నెలల్లో అటకెక్కించాను. పదేళ్ల తర్వాత ఒక మిత్రుడు దాన్ని దించి, ఒకసారి నొక్కి చూసి, “దీన్ని నేనూ వాయించలేను” అన్నాడు. స్క్రూడ్రైవర్‌తో అరగంట పని. ఆ అరగంట పని చేసిపెట్టమని కొట్టులో అడగాలని నాకు తెలియదు. ఈ కాలంలో చవక గిటార్లలో చెక్క గురించి బెంగపడక్కర్లేదు. మిషన్లు కోసే చెక్క బాగానే ఉంటుంది. తేడా వచ్చేదల్లా అమరికలో. దాన్ని పట్టుకోవడానికి పెద్ద వాయిద్యకారుడు కానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

బయల్దేరే ముందు

డబ్బు లెక్క ఇంట్లోనే తేల్చుకోండి. ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కటే కొనడమంటే మోటారు లేకుండా పడవ కొనడమే. ఆంప్లిఫయర్, కేబుల్, భుజానికి పట్టీ, సంచి, ఒక అదనపు తీగల సెట్ అన్నీ కలిస్తేనే వాయిద్యం. చేతిలో 20 వేలు ఉంటే గిటార్‌కి 12, 13 వేలు దాటనివ్వకండి. మిగతాది ఆంప్‌కీ చిల్లర సామానుకీ పోతుంది. వాయిదాల్లో కొంటే ఇంకో లెక్క ఉంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకి వేట నిషేధం. వేట మీద బతికే ఇంట్లో ఆ రెండు నెలలూ చేతిలో డబ్బు ఆడదు. ఆ నెలల్లో వాయిదా పడకుండా చూసుకోండి, లేదా ఏప్రిల్‌లోపే తీరిపోయేలా కట్టుకోండి. కొట్టువాడికి ఈ క్యాలెండర్ తెలియదు.

ఆంప్ 10 వాట్లది ఇంటికి సరిపోతుంది. దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. జాలరిపేటలో గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు. తెల్లారకముందే వేటకెళ్లొచ్చినవాళ్లు మధ్యాహ్నం కునుకు తీస్తారు. హెడ్‌ఫోన్ లేకుండా సాధన మొదలుపెట్టారంటే పాట కంటే ముందు తగువు వస్తుంది.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఫోన్‌లో ట్యూనర్ యాప్, మీ హెడ్‌ఫోన్, ఒక పిక్, ఒక రూపాయి బిళ్ల, ఒక విజిటింగ్ కార్డు. బిళ్లా కార్డూ ఎందుకో చెబుతాను. తీగ నొక్కే చేతి గోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. గోళ్లుంటే ఎంత మంచి గిటారైనా చెడ్డదిగానే తోస్తుంది.

ఇక, కార్డ్‌లు రాకపోయినా ఒకటి మాత్రం నేర్చుకుని వెళ్లండి. ఒక్క తీగ మీద సరిగమలు. తీగని వదిలేసి మీటితే స. అక్కణ్నుంచి 2వ ఫ్రెట్ రి, 4 గ, 5 మ, 7 ప, 9 ద, 11 ని, 12 పై స. ఇది శంకరాభరణం. చిన్నప్పుడు పాఠం మాయామాళవగౌళలో నేర్చుకున్నవాళ్లు 1, 4, 5, 7, 8, 11, 12 అని నొక్కితే చెవికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒక్క వేలితో చేసే పని ఇది. సాయంత్రం అరగంట కూర్చుంటే వచ్చేస్తుంది.

గోడ మీద వేలాడేవి

కొట్టులోకి వెళ్లగానే నాలుగైదు ఆకారాలు కనిపిస్తాయి. రెండు కొమ్ములున్నది స్ట్రాటోకాస్టర్ తరహా, అమెరికాలో ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన నమూనా. ఒకే కొమ్ముతో మందపాటి ఒళ్లున్నది లెస్ పాల్ తరహా, గిబ్సన్ కంపెనీది, 1952 నాటిది. అసలువాటి ధర మన లెక్కలోకి రాదు. మనకి అందేవి వాటి పిల్లలు. స్క్వయర్ అంటే ఫెండర్ వాళ్లే చవకగా అమ్మే పేరు. యమహాలో పసిఫికా, ఐబనీజ్‌లో జియో, కొరియా కంపెనీ కోర్ట్‌వి కొన్ని ఇదే వరసలో ఉంటాయి. మన దేశంలో కలకత్తా గిటార్లు గివ్సన్, హోబ్నర్ ఉన్నాయి. గివ్సన్ పేరు చూసి గిబ్సన్ అనుకునేవాళ్లు ఇంకా తగుల్తూనే ఉంటారు. ఒక్క అక్షరం తేడా, ధరలో ఒక సున్నా పైనే తేడా.

పేరుకి నేను పెద్ద విలువివ్వను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ధర ఉన్న రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి వెన్నలా ఉంటుంది, ఇంకోటి గొణుగుతుంది. అందుకే బొమ్మ చూసి తెప్పించుకోవడం కంటే కొట్టుకి వెళ్లడం మేలంటాను.

ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర పైకీ కిందికీ ఆడే కడ్డీ ఉన్నవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మొదటి గిటార్‌కి కదలని బ్రిడ్జ్ ఉన్నదే తీసుకోండి. కడ్డీ లాగినప్పుడల్లా శ్రుతి జారిపోతుంటే కొత్తవాడికి విసుగొస్తుంది. మా వాడికి ఈ మాట రుచించలేదు. కడ్డీ ఉన్న ఎర్ర గిటార్ మీద కన్ను పడింది వాడికి. మేనమామ పోలిక.

ప్లగ్ పెట్టకముందే

కొట్టులో జరిగే అసలు పొరపాటు, గిటార్ చేతికివ్వగానే ఆంప్‌కి తగిలించడం. “ఒక్క పది నిమిషాలు ఉత్తినే చూస్తాను అన్నా” అనండి. ఎలక్ట్రిక్ గిటార్ ప్లగ్ లేకుండా సన్నగా, చిన్నగా మోగుతుంది. ఆ సన్నటి మోతలోనే లోపాలు వినిపిస్తాయి.

ముందు శ్రుతి చేయించండి. తర్వాత కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకోండి, లేచి పట్టీతో వేసుకోండి. బరువు మూడు, మూడున్నర కిలోల దగ్గర ఉంటే మంచిది. రెండు చేతులూ వదిలేస్తే గిటార్ తల నేలకి వాలిపోతోందా? వాయించినంతసేపూ ఆ తలని మీ ఎడమ చెయ్యే మోయాలి మరి.

ఇప్పుడు మెడ. గిటార్ తలని కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక కన్ను మూసి, మెడ వెంబడి చూడండి. తెడ్డు కొనేవాడు వంకర చూస్తాడే, అలాగ. ముందుకి వెంట్రుకవాసి వంపు ఉండొచ్చు, ఉండాలి కూడా. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, దాని మర తిప్పి వంపు సరిచేస్తారు. కానీ మెడ మెలితిరిగి, ఒక అంచు పైకీ ఒక అంచు కిందికీ ఉంటే దాన్ని ఏ మరా సరిచేయదు. గోడకి తగిలించేయండి.

వంపు ఎంతుందో కొలవడానికి విజిటింగ్ కార్డు. అన్నిటికంటే లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గరా, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టండి. మధ్యలో 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఆ కార్డు దూరేంత సందు ఉంటే సరి. చేతులు చాలవు, కార్డు పట్టుకోవడానికి తోడొచ్చినవాళ్లు పనికొస్తారు.

రూపాయి బిళ్ల తీగల ఎత్తుకి. బిళ్ల మందం ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటరు. 12వ ఫ్రెట్ మీద, తీగ కింద బిళ్లని మెల్లిగా జరపండి. సన్న తీగ కింద బిళ్ల తీగని తాకీ తాకనట్టు పట్టాలి. లావు తీగ కింద కొంచెం వదులుగా, అంటే రెండు మిల్లీమీటర్ల దాకా, ఉండొచ్చు. రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినా సులువుగా దూరిపోతున్నాయంటే ఆ తీగలు ఎత్తున ఉన్నట్టు. నా ఎర్ర గిటార్ కింద మూడు దూరేవేమో. ఎత్తు తగ్గించడం సులువే, బ్రిడ్జ్ మీద చిన్న మరలు ఉంటాయి. మీ ముందే తగ్గించమనండి. తగ్గించాక తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమంటే అప్పుడు వేరే సంగతి ఉందన్నమాట.

ఆ సంగతి ఫ్రెట్లే. ఇక్కడొక పక్కమాట. వీణ తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్లకి గిటార్ కొట్టులో కొత్త మాటలు అక్కర్లేదు. ఫ్రెట్ అంటే మెట్టు, ట్యూనింగ్ కీ అంటే బిరడ, బ్రిడ్జ్ అంటే గుర్రం. (కొట్టులో మాత్రం ఇంగ్లీషు మాటలే చెల్లుతాయి. బిరడ అంటే మా కొట్టు కుర్రాడు బీరువా తాళం అనుకున్నాడు.) వీణకి 24 మెట్లు, మైనంలో నిలబెడతారు. ఏ మెట్టు శ్రుతి తప్పినా మైనం కరిగించి జరుపుకోవచ్చు. గిటార్‌కి ఆ సుఖం లేదు. మెడ చెక్కలో గాడి కోసి లోహపు ముక్కని దిగ్గొడతారు. ఒకటి పైకి లేచి ఉంటే దాని ముందున్న స్వరాలన్నీ గరగరమంటాయి. ఆకురాయితో అరగదీయించాల్సిందే. మన బొబ్బిలి వీణ పనస దుంగని తొలిచి చేస్తారు. ఈ చవక గిటార్ల మెడని మాత్రం నాలుగు మరలతో ఒంటికి బిగిస్తారు. ఆ అతుకు దగ్గర కాగితం దూరే సందు లేకుండా ఉండాలి.

అరచేతి అంచుని మెడ పక్కల వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరికి రాయండి. ఫ్రెట్ల కొసలు గీరుకుంటున్నాయా? చిన్న గీరుడు ఫర్వాలేదు, రంపంలా ఉంటే వద్దు.

ఇక ఓపిక పట్టాల్సిన పని. ఆరు తీగలు, 22 ఫ్రెట్లు, మొత్తం 132 చోట్లు. ప్రతి చోటా నొక్కండి, ఒకసారి మీటండి, స్వరం రెండు క్షణాలు నిలబడుతోందా వినండి. ఐదారు నిమిషాల పని. ఎక్కడైనా మోత గొంతు నొక్కినట్టు ఆగిపోతే, జుంయ్‌మంటే, ఆ చోటు గుర్తుపెట్టుకోండి. మా వాడు మొదట సిగ్గుపడ్డాడు. వెనక ఎవరో నవ్వారు కూడా. మూడో తీగ దాకా వచ్చేసరికి సిగ్గు పోయింది. ఐదో తీగ 14వ ఫ్రెట్ దగ్గర ఆగి, మళ్లీ మీటి, నా వంక చూశాడు. “మావయ్యా, ఇక్కడ చచ్చిపోయింది.” ఎర్ర గిటార్ సంగతి అక్కడితో తేలిపోయింది. ఇంటికొచ్చి వాళ్లమ్మకి చెబితే, “మొప్ప నల్లగుందన్నమాట” అంది.

పై స కుదిరిందా?

ఇప్పుడు నేర్చుకొచ్చిన సరిగమలు బయటికి తీయండి. ఒక్కో తీగ మీదా కింది స నుంచి పై స దాకా నెమ్మదిగా నడవండి. పాడేవాళ్లయితే గొంతు కలపండి, అందులో తప్పేం లేదు. పై స కింది స‌తో కలిసిపోవాలి. కలవకపోతే చెవికి నలకలా తగుల్తుంది.

దీన్ని ఫోన్‌లో రూఢి చేసుకోవచ్చు. 12వ ఫ్రెట్‌కి సరిగ్గా పైన తీగని వేలితో నొక్కకుండా ముట్టుకుని, మీటగానే వేలు తీసేయండి. గంట మోగినట్టు ఒక స్వరం వస్తుంది. ట్యూనర్‌లో అది ఎక్కడుందో చూడండి. తర్వాత అదే చోట మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకచోటే ఆగాలి. నొక్కినది పైకి పోతే బ్రిడ్జ్ మీద ఆ తీగ కూర్చున్న ముక్కని వెనక్కి జరపాలి, కిందికి పోతే ముందుకి. అదీ స్క్రూడ్రైవర్ పనే. ఆ ముక్క ఇంక జరగడానికి చోటు లేనంత చివర ఉంటే మాత్రం ఆలోచించండి. ఇంకో సంగతి, తుప్పు పట్టిన పాత తీగలతో ఈ పరీక్ష ఎప్పుడూ సరిగ్గా రాదు. కొట్టు గోడ మీద నెలల తరబడి వేలాడిన తీగలు అలాగే ఉంటాయి. అనుమానం వస్తే కొత్త తీగలు వేయించి చూస్తానని చెప్పండి. కొనే ఉద్దేశం గట్టిగా కనిపిస్తే వేస్తారు.

తర్వాత బిరడలు. 7వ ఫ్రెట్ దగ్గర మూడో తీగని నొక్కి, నొక్కినట్టే పక్కకి లాగండి. వీణ మీద గమకం లాగినట్టు. అలా పది పన్నెండు సార్లు లాగి వదిలి, మళ్లీ ట్యూనర్ చూడండి. కొద్దిగా జారితే కొత్త తీగ సాగిందనుకోవచ్చు. మళ్లీ శ్రుతి చేసి మళ్లీ లాగండి. రెండోసారీ మూడోసారీ జారుతూనే ఉంటే, తల దగ్గర తీగలు ఆనే నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోంది, లేదా బిరడ వదులుగా ఉంది.

ఈ లాగడం గురించి చెబుతుంటే పాలకొల్లు గుర్తొస్తుంది. మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు. 1969లో పుట్టారు, 2014లో పోయారు. లోపల డొల్ల లేని ఎలక్ట్రిక్ మాండలిన్‌కి ఐదు తీగలు కట్టి, దాని మీద కర్ణాటక సంగీతం గమకాలతో సహా పలికించారు. ఎలక్ట్రిక్ అనగానే రొద అనుకునే పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్లకి ఆయన కచేరీ ఒకటి వినిపించండి. డబ్బు అడిగేముందు వినిపిస్తే ఇంకా మంచిది.

కరెంటు ఎక్కించాక

ఇప్పుడు ఆంప్. మీరు కొనబోయే చిన్న ఆంప్‌కే తగిలించమనండి, కొట్టులో ఉన్న పెద్దదానికి కాదు. పెద్ద ఆంప్‌లో ఏ గిటారైనా సింహంలా గర్జిస్తుంది, ఇంటికొచ్చాక పిల్లిలా కూస్తుంది. ఆంప్ మీద గెయిన్ తగ్గించండి, రివర్బ్ తీసేయండి, మిగతా గుండ్రాలన్నీ సగంలో పెట్టండి. కుర్రాళ్లు వెంటనే డిస్టార్షన్ అడుగుతారు. అడగండి, కానీ చివర్లో. మసాలా దట్టించాక చేప తాజాదో కాదో ఎవరు చెప్పగలరు?

గిటార్ ఒంటి మీద తీగల కింద ఉండే నల్లటి లేదా తెల్లటి పట్టీలే పికప్‌లు. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఉక్కు తీగ దాని పైన అదిరితే రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఉక్కు తీగ కాబట్టే మోగుతుంది, నైలాన్ తీగ కడితే పికప్‌కి వినపడదు. ఒంటి చుట్ట పికప్ గాలిలో ఉన్న కరెంటు గుంయ్‌మనే చప్పుడు కూడా పట్టుకుంటుంది. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ చప్పుడు కింది జీ స్వరానికి దగ్గరగా ఉంటుంది. దీనికి విరుగుడుగా 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలు ఎదురెదురుగా పెట్టి హంబకర్ చేశాడు. చవక గిటార్లలో రెండు ఒంటి చుట్టలూ ఒక హంబకరూ కలిపి ఇచ్చేవి ఉన్నాయి. మొదటి గిటార్‌కి నా ఓటు దానికే, చర్చి పాటకీ సినిమా పాటకీ రెండింటికీ పనికొస్తుంది.

స్విచ్‌ని ఒక్కో స్థానంలో పెట్టి ఆరు తీగలూ మీటండి. ప్రతి స్థానంలోనూ మోత మారాలి, ఎక్కడా మూగబోకూడదు. వాల్యూమ్, టోన్ గుండ్రాలు మొదటి నుంచి చివరిదాకా తిప్పండి, కరకరమంటే లోపల దుమ్మో తుప్పో చేరింది. కేబుల్ దూర్చినచోట పట్టుకుని మెల్లిగా కదపండి. టపటపమంటూ ఆగి ఆగి వస్తే జాక్ వదులు. ఇది చిన్న లోపమే, బేరానికి మాత్రం పెద్ద ఆయుధం.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తీగల మీద చెయ్యి వేస్తే గుంయ్‌మనే చప్పుడు తగ్గాలి. చెయ్యి వేస్తే పెరుగుతోందంటే ఎర్త్ సరిగా లేదు. చురుక్కుమంటే వెంటనే వదిలేయండి. ఇంటికి తెచ్చాక ఆంప్‌ని మూడు పిన్నుల ప్లగ్‌కే తగిలించండి, ఆ మూడో పిన్నుకి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. సముద్రం పక్క ఇళ్లలో గోడలు చెమ్మగా ఉంటాయి, తడి నేల మీద చెప్పుల్లేని కాళ్లతో గిటార్ పట్టుకుంటే ఉక్కు తీగలన్నీ మీ చేతుల్లో ఉన్నట్టే.

ఇంతలో కొట్టు కుర్రాడు ఇలా ఇవ్వండంటూ గిటార్ అందుకుని మెరుపులు కురిపిస్తాడు. వినండి, మెచ్చుకోండి, నమ్మకండి. అతని చేతిలో చేపల గంప కూడా మోగుతుంది. అతని చేత చేయించుకోవాల్సిన పని వేరే ఉంది. మీకు నచ్చిన రెండు గిటార్లనీ ఒకే ఆంప్‌కి, ఒకే అమరికతో తగిలించి, ఒకే పాట ముక్క వాయించమనండి. మీరు అటు తిరిగి నిలబడండి. రంగు కనపడకుండా వింటే ఏది కావాలో చెవి చెబుతుంది.

బేరం, తర్వాత ఉప్పుగాలి

మెచ్చిన గిటార్ గోడ మీదుంటే, “అదే మోడల్, పెట్టెలో కొత్తది ఇస్తాం” అంటారు. కొత్తదనగానే మనకి ఆశ పుడుతుంది. ఒప్పుకోకండి. మీరు 132 చోట్లు నొక్కింది గోడ మీదదాన్ని. తల వెనక ఉన్న నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, అదే బిల్లు మీద రాయించండి. పెట్టెలోదే కావాలంటే దాన్నీ విప్పి మొదటి నుంచీ చూడండి.

ధర తగ్గించమని గంటసేపు వాదించడం కంటే ఈ మూడూ అడగడం లాభం: కొత్త తీగలు, తీగల ఎత్తు సరిచేసి ఇవ్వడం, మూడు వారాల తర్వాత ఒకసారి ఉచితంగా మళ్లీ సరిచేయడం. మూడోది చాలామందికి తట్టదు. ఏసీ కొట్టులో పొడిగా ఉన్న చెక్క జాలరిపేట ఇంటికొచ్చాక తేమ తాగి కొద్దిగా కదులుతుంది, మెడ వంపు మారుతుంది. గిటార్ చెడిపోయిందని కంగారుపడొద్దు. కొత్త ఇంటికి అలవాటు పడుతోందంతే.

పడవ ఇంజను మీద ఉప్పు ఏం చేస్తుందో పేటలో పిల్లలకి కూడా తెలుసు. గిటార్ తీగల మీదా అదే చేస్తుంది. వాయించడం అవగానే పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగని పైనా కిందా తుడవాలి, పాత లుంగీ ముక్క బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సముద్రం వైపు కిటికీ పక్కన గోడకి తగిలించకండి. సంచిలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు మూడు లోపల పడేయండి. తీగలు నల్లబడి వేలికి గరుకుగా తగిలితే మార్చేయండి. ఊరి లోపల ఉండేవాళ్లకంటే మనకి ఆ రోజు త్వరగా వస్తుంది. అందుకే అదనపు సెట్ ముందే లెక్కలో వేసుకోమన్నాను.

మా వాడు మొదటి రోజు ఏమీ కొనకుండా తిరిగొచ్చాడు. ఆటోలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. వారం తర్వాత మళ్లీ వెళ్లి, మూలనున్న నల్లగిటార్ ఒకటి, కడ్డీ లేనిది, ఎవరూ పెద్దగా చూడనిది, 132 చోట్లా నొక్కి తెచ్చుకున్నాడు. సంచి విప్పగానే మా చెల్లెలు చేతులు కొంగుకి తుడుచుకుని, ఒక తీగ మీటి, “ఇదేటి, వినబడట్లేదు?” అంది. ప్లగ్ పెట్టలేదని చెప్పేసరికి వాడికి ఊపిరి ఆడలేదు నవ్వుతో.

చివరగా ఒక్క మాట. ఆదివారం సాయంత్రం వెళ్లకండి. కొట్టు నిండా జనం ఉంటారు, నాలుగు గిటార్లు ఒక్కసారే మోగుతుంటాయి, మీ తీగ గరగర మీకే వినపడదు. మంగళవారమో బుధవారమో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి.